భవనాశిని లోయలో మా నడక

మంత్రాలయమున మా యిల్లు తుంగభద్రకు సమీపమున నున్నది. దేశము నలుమూలలనుండి యాత్రికులు వచ్చు గ్రామ మగుటచే నడచువారిని చూచుట మాకు వింత కాదు. తెల్లవారకముందే యేటికి పోయి, తడిబట్టలతో మఠమునకు వచ్చి, రాఘవేంద్రస్వామి బృందావనమునకు ప్రదక్షిణములు చేయు స్త్రీలను ప్రతిదినమును చూచుచుందును. అయినను “ఊరక నడచి వచ్చెదము” అను మాట మా యిండ్లలో వినబడదు. నీళ్లకో, గుడికో, పేరంటపు పిలుపులకో నడువవలెను గాని, కారణము లేక నడచు స్త్రీని చూచిన యిరుగుపొరుగువారు ఆ యింట నేదో కలహము జరిగినదని తలంతురు.

కావున, కొండదారిని నడువవలెనన్న నా చిరకాలపు కోరికను మా అత్తగారి మ్రొక్కుచాటున దాచుకొని వెడలితినని ముందుగా నొప్పుకొనుచున్నాను.

మావారికి బాల్యమున కఠినమైన జ్వరము వచ్చి తగ్గినదట. అప్పుడామె అహోబిలమున జ్వాలానరసింహుని సన్నిధికి కాలినడకను వచ్చెదనని మ్రొక్కుకొన్నది. కరవులు, కాన్పులు, సంసారపు చిక్కులు ఒకదానివెంట నొకటి వచ్చి ముప్పదియేడేండ్లు గడచిపోయెను. ఇప్పు డామె వయస్సు 67. గత సంవత్సరము దసరా సెలవులకు బడి మూసినంతనే మావారును, అత్తగారును, పండ్రెండేండ్ల మా అమ్మాయియు, నేనును కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా అహోబిలము చేరితిమి. ఆ క్షేత్రము 2022లో నేర్పడిన నంద్యాల జిల్లాలోనిది. అంతకుముందు మా కర్నూలు జిల్లాలోనిదే.

పయనమునకు ముందు పదునైదు దినములు అత్తగారిని వెంటబెట్టుకొని ప్రొద్దుననే యేటిగట్టున నడచితిని. తొలినాడు అరగంట, పిదప గంట, తుదకు రెండు గంటలు. “ఏమమ్మా, యెక్కడికి?” అని దారిపొడవునను అడిగిరి. అత్తగారు “కొండకు” అని చెప్పి సాగిపోవుచుండెను. ఆ ప్రశ్న కింత చక్కని సమాధానము నాకు తోచియుండదు.

దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలము సుమారు 8 కిలోమీటర్లు. అంతవరకు బస్సు పోవును. ఎగువ కోవెలలో ఉగ్రనరసింహుడు గుహలో వెలసియున్నాడు. అచ్చటినుండి భవనాశిని యను వంక వెంబడి వరాహనరసింహుని దాటి, రాళ్లమీదుగా, మెట్లమీదుగా జ్వాలానరసింహుని యొద్దకు పోవలెను. ఇంకను పైకెక్కినచో నిట్టనిలువున చీలిన కొండకొమ్ము కలదు. నరసింహుడు వెలువడిన కంబము అదియేనని దానిని ఉక్కుస్తంభ మందురు. నా కన్నంతయు దానిమీదనే యుండెను.

14వ శతాబ్దిలో ఎఱ్ఱన రచించిన నృసింహపురాణమును మా తండ్రిగారు నాకు ఇంటనే పాఠము చెప్పియుండిరి. ఆ కథ యెఱిగినదానను గనుక ఆ కొండయు నెఱుగుదునను నొక గర్వము నాలో నుండెను. పాచిపట్టిన రాతిపై కా లెట్లు మోపవలెనో ఏ కావ్యమును చెప్పదుగదా!

ఆలస్యమునకు కారణము నేనే. సత్రములో పులిహోర కలుపనిదే వెడలరాదని పట్టుబట్టితిని. పులిహోర, దధ్యోదనము, వేయించిన బుడ్డలు, బెల్లము – ఇవన్నియు మూటగట్టి, దర్శనము ముగించుకొని నడక మొదలిడునప్పటికి పదిన్నర యయ్యెను. దారి చూపుటకు ఒక చెంచుపెద్దను కుదుర్చుకొంటిమి. ఆయన ఎండవంక చూచి, మా మూటవంక చూచి, ఏమియు ననక నడిచెను. అత్తగారు డోలీ వలదన్నది. పాదరక్షలును వలదన్నది. కొన్న చేతికర్రను మాత్రము కాదనలేదు.

లోయలోనికి దిగగానే ఇరుప్రక్కల ఎఱ్ఱని బండలు గోడలవలె లేచినవి. ఒక పలకమీద సన్నని అలలవంటి గీతలు చూచి మా అమ్మాయి, “అమ్మా, మన యేటి యిసుకలో గూడ ఇట్లే యుండును” అన్నది. మావారు తరగతిలో నిలిచినట్లు నిలిచి చెప్పిరి: నూరుకోట్ల సంవత్సరములకు మించిన పూర్వకాలమున ఈ సీమ నీట మునిగియుండెననియు, ఆ యిసుకయే గట్టిపడి రాయి యైనదనియు, మన కడప పేరనే శాస్త్రజ్ఞులు ఈ శిలావర్గమును పిలుతురనియు. అత్తగారు ఆ పలకను చేతితో తడవి, “నీళ్లు లేని సీమకు ఇంత నీళ్లుండె నేమో!” అనుకొన్నది.

వరాహనరసింహుని దాటితిమి. వంకను మూడుమారులు అటునిటు దాటితిమి. నీరు చీలమండలకు మించలేదు. అడుగున గులకరాళ్లు లెక్కింపవచ్చునంత తేటగా నుండెను. ఒంటిగంట సమీపించినది. తలపైన ఆకాశము నీలముగా నున్నది. అప్పుడు చెంచుపెద్ద వంగి నీటిలో చేయి పెట్టి నిలువబడెను.

“నీళ్లు మసకబారినాయి. ఆకులు కొట్టుకొస్తాండాయి. పైన యాడో వాన పడింటాది. ఇంగ తిరుక్కోవల్ల” అనెను.

మావారు ఆకాశమును చూపి, మేఘమే లేదనిరి. నేనును, “ఇంకెంత, గంటసేపటి దారియే కదా” అంటిని. ఆ మాట తలచుకొన్నప్పుడు నేటికిని నాకు సిగ్గగుచున్నది. మ్రొక్కు అత్తగారిదే యైనను తొందర నాది. ఆమె రాతిపై కూర్చుండి కొంతసేపు పలుకలేదు. చెంచుపెద్ద ఆమెతోనే, “అవ్వా, సామి యాడికీ పోడు. నీళ్లు తగ్గినంక పోదాం” అనెను. ఆమె మా అమ్మాయి కాళ్లవంక చూచెను. పరికిణీ అంచు అంతకుముందు తడియలేదు, ఇప్పుడు తడిసియుండెను. వెంటనే కర్ర యూని లేచి, వచ్చిన త్రోవను మరలెను. ఎవ్వరును మారు పలుకలేదు.

మొదటి దాటున నీరు పిల్లకు మోకాలివరకు వచ్చెను. రెండవ దాటున చెంచుపెద్ద ఆమెను భుజమున నెత్తుకొనెను. మూడవదానిలో మావారును నేనును అత్తగారిని చెరియొక రెక్కను పట్టుకొని దాటుచుండగా పులిహోరమూట జారి, క్షణములో కనుమరుగయ్యెను. గట్టెక్కి వెనుదిరిగి చూతుముగదా, మేము కాలు మోపిన రాళ్లు లేవు. ఎఱ్ఱనీరు గోడనుండి గోడవరకు పారుచుండెను. మా చోట నొక్క చినుకైనను పడలేదు.

రాతికొండలు వాననీటిని త్రాగవని ఆ సాయంకాలము సత్రములో మావారు అమ్మాయికి బోధించిరి. కొండలపై నెచ్చట కురిసినను ఆ నీరంతయు ఇరుకైన ఆ యొక్క దారినే దిగవలెను గనుక, లోయలో నడచువారు తమ నెత్తిమీది మబ్బును చూచిన చాలదు. ఈ పాఠము ఆయన ఉదయముననే చెప్పియుండిన బాగుండెడిది. కాని నా పులిహోర సంగతి తలచి నేను నోరు మెదపలేదు.

మరునాడు వెలుగురేకలు రాగానే బయలుదేరితిమి. ఈమారు వంట లేదు. బుడ్డలు, బెల్లము, ఉప్పు వేసిన మజ్జిగ, తలకు రెండు లీటర్ల నీరు – అంతే. ఇచ్చట సోదరీమణుల కొక మాట చెప్పవలెను. త్రోవలో మరుగు దొరకదను భయమున మన స్త్రీలు నీరు త్రాగక నడతురు. అత్తగారును మొదటినా డట్లే చేసినదని రాత్రి ఆమెకు తలనొప్పి వచ్చినపుడు గాని తెలియలేదు. రెండవనాడు నేనే ముందు నడచి మరుగైన బండలు చూచుచు, ఆమెచేత గంటగంటకు త్రాగించితిని.

వంక తగ్గియుండెను. తొమ్మిదింటికి జ్వాలానరసింహుని కొండకప్పు క్రిందికి చేరితిమి. పైబండనుండి జలధార మెట్లపై బడుచుండ, అందరమును తడిసి ముద్దయితిమి. అత్తగారు కన్నీరు కార్చునని నేననుకొంటిని. ఆమె కొంతసేపు చేతులు జోడించి నిలిచి, కుమారునివంక తిరిగి, “నీ జరం బాకీ తీరిందిరా” అన్నది.

పిదప నాతో, “నీ మొక్కు ఇంకా పైన ఉండాది కదా? పోయిరా. నేనీడ కూర్చుంటా” అన్నది. నే నెవ్వరికిని చెప్పని కోరిక ఆమెకు మొదటినుండియు తెలియును!

చెంచుపెద్ద వెంట నేనును అమ్మాయియు నెక్కితిమి. పదింటికి ఎక్కడ నున్నను మరలవలెనని క్రిందనే నిర్ణయించుకొంటిమి. చేతులతో వేళ్లను, రాళ్లను పట్టుకొని యెక్కుట నాకు అదియే ప్రథమము. పది గంటలకు చీలిన శిఖర మింకను పైననే యుండెను. అడవి నల్లగా, అలలు అలలుగా క్రింద పరచుకొనియుండెను. అమ్మాయి గడియారము చూపెను. దిగితిమి. దిగుట సులభ మనుకొందురు గాని మోకాళ్లకు పని అప్పుడే యెక్కువ. కర్రను ముందు మోపి, కాలిని తరువాత దింపవలెను. నల్లమల పులులుండు అడవి గనుక వెలుతురుండగనే ఊరు చేరుట యును ముఖ్యము. మేము మధ్యాహ్నమునకే చేరితిమి.

అప్పటినుండి మాకు నడక పిచ్చి పట్టినదని బంధువులు నవ్వుచున్నారు. సంక్రాంతికి గండికోట చూచితిమి. జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున ఎఱ్ఱమల కొండలను పెన్న చీల్చుకొని పోవు చోటది. పెమ్మసానివా రేలిన కోట, మాధవరాయ దేవాలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము నన్నియు అందే కలవు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో దానిని పోల్తురు. అచ్చట లోయ యంచునుండి నదివరకు దిగి అదేదినమున మరల నెక్కవలదని అధికారులు హెచ్చరింతురట. దిగునప్పుడు చల్లనివేళ, ఎక్కునప్పుడు ఎండవేళ యగును గదా. గండికోట యంచున నీడ లేదు, చాలచోట్ల అడ్డుగోడయు లేదు. పిల్లలు గలవారు చేయి విడువరాదు. అత్తగారికి మాత్రము అది రుచింపలేదు. బస్సు కోటలోనికే పోవుటచే, “ఇది చూసే చోటు, నడిచే చోటు కాదు” అని తీర్పు చెప్పినది.

అహోబిలమున నడవిలో ఆరు కిలోమీటర్ల దూరమున పావననరసింహు డున్నాడని చెంచుపెద్ద చెప్పినది ఆమె మరువలేదు. ఆ చేతికర్రను తలుపుమూలను నిలిపి యుంచినది. పెరటిలోనికి కోతులు వచ్చినప్పుడు దానిని ముట్టనీయక, మాకు చీపురే యందించుచున్నది.