వేగుచుక్క మీద రెండు గంటలు

తెల్లవారుజామున తూర్పున మెరిసే వేగుచుక్క నిజానికి చుక్క కాదు, శుక్రగ్రహం. అది సూర్యుడికి మరీ దగ్గరై కనబడకపోతే మూఢం వచ్చిందని మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఆపేస్తారు. ఇంత చనువున్న గ్రహం నిజస్వరూపం మాత్రం చాలాకాలం మబ్బుల చాటునే ఉండిపోయింది.

పరిమాణంలో శుక్రుడు భూమికి కవలపిల్లే. అడ్డుకొలత 12,104 కిలోమీటర్లు, భూమిది 12,756. ఆ మబ్బుల కింద సముద్రాలో, చిత్తడి అడవులో ఉండొచ్చునని ఒకప్పుడు శాస్త్రజ్ఞులే ఊహించారు. 1962లో అమెరికావారి మేరినర్-2 దాని పక్కనుంచి పోతూ ఆ ఊహకు మంగళం పాడింది. నేలమీద వేడి సుమారు 465 డిగ్రీల సెంటీగ్రేడు. అంటే సీసం కరిగి నీరవుతుందన్నమాట! సూర్యుడికి ఇంకా దగ్గరున్న బుధుడు కూడా ఇంత వేడెక్కడు.

మరి కారణమేమిటి? గాలి. అందులో నూటికి 96 పాళ్ళు బొగ్గుపులుసు వాయువే. లోపలికొచ్చిన ఎండవేడిని దుప్పటి కప్పినట్టు బయటికి పోనివ్వదు. ఒత్తిడి మన గాలికి 90 రెట్లు. పైన గంధకామ్లపు మబ్బులు. నన్నడిగితే నరకవర్ణనకు ఇంకేం కావాలి?

అలాంటిచోట యంత్రాన్ని దింపడమంటే మాటలా! సోవియట్‌వాళ్ళు పట్టు వదల్లేదు. 1970 డిసెంబరులో వెనీరా-7 దిగి 23 నిమిషాలు సన్నని సంకేతాలు పంపింది. మరో గ్రహం నేలమీదనుంచి భూమికి కబురందడం అదే మొదలు. 1975లో వెనీరా-9 తొలి ఛాయాచిత్రం పంపింది. 1982 మార్చిలో దిగిన వెనీరా-13 కథ నాకు మరీ ఇష్టం. 32 నిమిషాలు పనిచేస్తే చాలనుకున్నారు; 127 నిమిషాలు నిలిచింది. రంగుల బొమ్మలు తీసింది, రాయి తొలిచి పరీక్షించింది. చూస్తే పలకలు పలకలుగా పరిచిన బండలు, అగ్నిపర్వతాల రాయి.

భూమికీ దాదాపు అంత బొగ్గుపులుసు వాయువు ఉంది. కాకపోతే మన సముద్రాలు దాన్ని కరిగించుకుని సున్నపురాయిగా దాచాయి. మనం ఇళ్ళల్లో పరుచుకునే కడప బండలూ, నాపరాళ్ళూ ఆ జాతివే. శుక్రుడికి దాచుకునే సముద్రం లేదు. మనమేమో సిమెంటు కోసం ఆ రాయినే కాల్చి, కరెంటు కోసం బొగ్గు తగలబెట్టి, దాగిన వాయువును మళ్ళీ గాలిలోకి వదులుతున్నాం. భూమి రేపే శుక్రుడైపోదు గానీ, వేడెక్కే సూత్రం మాత్రం అదే.

1985లో వేగా-2 తరవాత ఆ నేలమీద ఏ యంత్రమూ దిగి పనిచేయలేదు. 2024 సెప్టెంబరులో మన కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలతో ఇస్రో శుక్రయాత్రకు అనుమతిచ్చింది. ఆ నౌక దిగదు. చుట్టూ తిరుగుతూ మబ్బులనూ, వాటి కింది నేలనూ పరిశీలిస్తుంది.