ఎండోస్కోపు శుభ్రత: మందు కంటే ముందు బ్రష్షు

నీళ్ల డ్రమ్మును కొన్నాళ్లు తోమకుండా వదిలితే లోపలి గోడ జిగటగా మారి చేతికి జారుతుంది. తెల్లవారి పళ్లపై కనిపించే పాచి కూడా అటువంటిదే. పుక్కిలించినంత మాత్రాన అది పోదు, తోమవలసిందే. తడి ఉన్న చోట సూక్ష్మజీవులు అంటుకొని, తమ చుట్టూ జిగురును స్రవించి, అందులో గుంపుగా నివసిస్తాయి. ఈ పొరనే శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటారు. జిగురు మాటున ఉన్న సూక్ష్మజీవులను క్రిమిసంహారక ద్రావణాలు సులభంగా చంపలేవు.

ఆసుపత్రులలో ఈ పాచి పట్టడానికి అవకాశమున్న పరికరం ఎండోస్కోపు. జీర్ణాశయాన్ని, పెద్దప్రేగును పరీక్షించే ఈ గొట్టంలో గాలి, నీరు, చిన్న పరికరాలు వెళ్లే సన్నని మార్గాలుంటాయి. ఒకరికి వాడిన గొట్టాన్ని శుభ్రపరచి మరొకరికి వాడతారు. సాధారణంగా ఇది అధిక వేడిని తట్టుకోలేదు. అందువలన శస్త్రచికిత్స కత్తెరల వలె ఆవిరితో శుద్ధి చేయడానికి వీలుండదు.

కాబట్టి శుభ్రపరచే వరుస ముఖ్యం. పరీక్ష ముగిసిన వెంటనే గొట్టాన్ని తుడిచి, లోపలి మార్గాలను కడగాలి. మలినాన్ని ఎండనీయరాదు. గొట్టానికి చిల్లులు లేవని నిర్ధారించుకొని, డిటర్జెంటు ద్రావణంలో ముంచి, లోపలి మార్గాలను తగిన బ్రష్షుతో తోమాలి. ఆ పిదపనే గ్లూటరాల్డిహైడ్ వంటి క్రిమిసంహారకంలో నిర్ణీత సమయం ఉంచాలి. తోమకుండా అందులో ముంచితే మలినంలోని ప్రోటీన్లు గట్టిపడి మరింతగా అంటుకుంటాయి. చివరకు శుభ్రమైన నీటితో కడిగి, లోపలికి గాలి పంపి, పూర్తిగా ఆరబెట్టి వేలాడదీయాలి. తడి మిగిలితే సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో 2015లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో తెలిసివచ్చింది. అక్కడి ఒక ఆసుపత్రిలో, పిత్తనాళ చికిత్సకు వాడే డ్యుయోడెనోస్కోపుల ద్వారా, మందులకు లొంగని బ్యాక్టీరియా ఏడుగురికి సోకింది. వారిలో ఇద్దరి మరణానికి అది ఒక కారణమైంది. తయారీదారు సూచనలను పాటించామని ఆసుపత్రి తెలిపింది. గొట్టం కొన వద్ద కదిలే చిన్న మీట వెనుక సందులను శుభ్రపరచడం కష్టమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

అవసరమైన పరీక్షను భయంతో మానుకోరాదు. అయితే గొట్టాన్ని ఎలా శుభ్రపరుస్తారు, ఎలా ఆరబెడతారు అని అడగడంలో తప్పులేదు. స్థానిక భాష రానివారు, వచ్చినవారిని వెంట తీసుకొని వెళ్లడం మేలు. పరీక్ష తరువాత జ్వరం, చలి వణుకు, తీవ్రమైన కడుపునొప్పి కలిగితే ఆలస్యం చేయక వైద్యునికి తెలపాలి.