తాళపుచెవిలోని బిళ్ళ బ్యాటరీ

నేటి కార్లలో చాలావాటికి తాళపుచెవిని తిప్పనక్కరలేదు. అది జేబులో ఉంటే చాలును. కారు సుమారు 125 కిలోహెర్ట్‌జుల పౌనఃపున్యముతో పిలుస్తుంది. తాళపుచెవిలోని రిమోటు రేడియో తరంగములతో జవాబు చెబుతుంది. మన దేశములో ఈ తరంగముల పౌనఃపున్యము సాధారణముగా 433 మెగాహెర్ట్‌జులు. జవాబుకు కావలసిన శక్తినిచ్చేది ఒక చిన్న బిళ్ళ బ్యాటరీ.

చాలా రిమోట్లలో దీనిమీద సి.ఆర్. 2032 అని ఉంటుంది. ‘సి’ లిథియము, మాంగనీసు డయాక్సైడుల జంటను, ‘ఆర్’ గుండ్రని ఆకారమును సూచిస్తాయి. వ్యాసము 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు. సి.ఆర్. 2025 వ్యాసము ఇంతే అయినా, మందము 2.5 మిల్లీమీటర్లే. కనుక ఒకదానికి బదులు మరొకటి వాడరాదు.

ఒక్కొక్కప్పుడు రిమోటు పనిచేయదు. ఘటమును తీసి వోల్టుమీటరుతో చూస్తే ఇంచుమించు 3 వోల్టులు ఉంటుంది! మరి లోపమెక్కడ? వోల్టుమీటరు అత్యల్ప విద్యుత్తునే తీసుకుంటుంది. రిమోటు సంకేతమును పంపునప్పుడు మాత్రము కొన్ని మిల్లీ ఆంపియర్లు కావలెను. ఘటము అరిగినకొద్దీ దాని అంతర్నిరోధము పెరుగుతుంది.

దీనిని తరగతిలో చూపవచ్చును. ఘటమునకు 300 ఓముల నిరోధమును కలిపి, క్షణకాలము వోల్టేజి కొలవండి. అంతర్నిరోధము 20 ఓములైతే 2.8 వోల్టులు, 150 ఓములైతే 2 వోల్టులే వస్తాయి. ఓమ్ నియమముతో విద్యార్థులు ఈ లెక్కను సరిచూడగలరు.

కారు పిలుపు అందే దూరములో తాళపుచెవిని ఉంచితే, రిమోటు ఊరకే మేల్కొనుచుండును; ఘటము త్వరగా అరుగుతుంది. ఇంటిలో దానిని కారుకు దూరముగా ఉంచవలెను. తడి, తీవ్రమైన ఎండ తగలరాదు. కొత్త ఘటమును పొడిబట్టతో తుడిచి, ధన ధ్రువమును చూచుకొని అమర్చవలెను. ఈ ఘటమును తిరిగి చార్జి చేయరాదు.

దారిలో ఘటము పూర్తిగా అరిగితే భయపడనక్కరలేదు. రిమోటులో దాచిన లోహపు చెవితో తలుపు తెరువవచ్చును. తరువాత రిమోటును స్టార్టు మీటకు, లేదా కారు పుస్తకములో చూపిన చోటికి, ఆనిస్తే చాలా కార్లు కదులుతాయి. కారులోని తీగచుట్ట, విద్యుదయస్కాంత ప్రేరణచేత, రిమోటులోని చిప్పుకు శక్తినిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది!

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటున్నది. రిమోటుకు పనికిరాని ఘటములోను 3 వోల్టులకు దగ్గరగా మిగిలి ఉండవచ్చునని చూచితిమి గదా. పసిబిడ్డ దానిని మింగగా అన్నవాహికలో చిక్కుకొన్నచో, అక్కడి తడిలో విద్యుత్తు ప్రవహించి, ఋణ ధ్రువమువద్ద తీవ్రమైన క్షారము పుడుతుంది. రెండు గంటలలోనే కణజాలము కాలిపోవచ్చును. అనుమానము కలిగినా, వాంతి చేయించక, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. తీసివేసిన ఘటమునకు రెండువైపులా టేపు అంటించి, పిల్లలకు అందనిచోట ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించే చోట ఇవ్వవలెను. మనకు అక్కర తీరిన ఘటములో శక్తి తీరిపోలేదని మరువరాదు.