ఒక దీపమునకు రెండు బ్యాటరీలు

జూలూరుపాడు ప్రాంతమున పొలములు పెక్కు అడవి నంటియున్నవి. పంట చేతికి వచ్చు దినములలో అడవిపందుల బాధ రైతులకు క్రొత్త గాదు. రాత్రి మంచెపై కావలియుండు వానికి దీపమే తోడు. అది నడిరేయి ఆరిపోయినచో పంటకే గాక, పురుగుపుట్ర తిరుగు చోట ప్రాణమునకును భయమే. ముసురు దినములలో సోలారు పలకవలన బ్యాటరీ పూర్తిగా నిండదు. అప్పుడు ట్రాక్టరు బ్యాటరీని గూడ దీపమునకు తగిలింతమని పలువురకు తోచును. ఆలోచన మంచిదే గాని కలుపు విధము తెలియవలెను.

1800వ సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా, చిన్న ఘటములను ఒకదానిపై నొకటి పేర్చి బలమైన విద్యుత్తును రాబట్టెను. అట్లు ఒక బ్యాటరీ ధనధ్రువమును రెండవదాని ఋణధ్రువమునకు కలిపినచో 12, 12 కలిసి 24 వోల్టులగును. 12 వోల్టుల దీపము మాడిపోవును. కావున ఇచ్చట ఆ పద్ధతి పనికిరాదు.

ధనమునకు ధనము, ఋణమునకు ఋణము నేరుగా కలుపుటయు క్షేమకరము గాదు. నిండిన బ్యాటరీ 12.7 వోల్టులు, తగ్గినది 12 వోల్టులు చూపునని యనుకొందము. బ్యాటరీల లోపలి నిరోధము, తీగల నిరోధము కలిసి 0.05 ఓము మాత్రమే యైనచో, 14 ఆంపియర్ల ప్రవాహము మొదట ఒకదానినుండి మరియొకదానిలోనికి పరుగెత్తును. 10 వాట్ల దీపమునకు కావలసినది ఒక ఆంపియరైనను లేదు!

దీనికి ఉపాయము డయోడు. బావిలోని ఫుట్‌వాల్వు నీటిని పైకి పోనిచ్చి వెనుకకు జారనీయనట్లే, డయోడు విద్యుత్తును ఒకే దిశకు పోనిచ్చును. ప్రతి బ్యాటరీ ధనతీగకు మొదట ఒక ఫ్యూజు, పిదప ఒక డయోడు పెట్టి, గీతగల కొన దీపమువైపు ఉండునట్లు రెంటిని కలుపవలెను. ఋణతీగలు రెండును నేరుగా కలియును. వోల్టులు ఎక్కువ గల బ్యాటరీ మొదట దీపమును పోషించును. అది తగ్గి రెండవదానితో సమానమైనప్పుడు రెండును భారము పంచుకొనును. ఒకటి మరియొకదానిని దోచుకొనదు.

సాధారణ డయోడు సుమారు 0.7 వోల్టు మ్రింగును. షాట్కీ డయోడు అందులో సుమారు సగమే మ్రింగును గనుక అదియే మేలు. ఇట్టి దీపమునకు 3 ఆంపియర్లది చాలును. సోలారు పలకను మాత్రము ఛార్జు కంట్రోలరు ద్వారానే తన బ్యాటరీకి కలుపవలెను. ఎండలో భారము లేని పలక 20 వోల్టులు మించవచ్చును.

దీపము 12 గంటలు వెలిగినచో సుమారు 10 ఆంపియరు-గంటలు ఖర్చగును. ట్రాక్టరు బ్యాటరీ ఇంజనును కదలించుటకు ఏర్పడినది గాని తుదకంట కరగుటకు గాదు. అది 12.2 వోల్టులకు దిగినచో తొలగింపుడు. లేనిచో తెల్లవారి ట్రాక్టరు కదలదు.

కంచెకు ఇంటి కరెంటు తీగ తగిలించుట నేరము. దానివలన మనుష్యులు, పశువులు మరణించుచున్నారు. బ్యాటరీతో నడచు సరియైన కంచెయంత్రము క్షణమాత్రపు తాకిడితో మృగమును బెదరించి పంపును. సభ్యులు కలిసి ఒక వోల్టుమీటరు కొని ఉంచుకొన్నచో, వంతులవారీగా అందరికిని ఉపకరించును.