పసుపు రాస్తే చాలదు... ఇంజనాయిలు వదలాలి!
మెకానిక్కులకు చర్మ కాన్సర్ ముప్పు

ఆటోనగర్ (విజయవాడ): లారీ ఇంజను విప్పితే చేతులు మోచేతుల దాకా నల్లబడక తప్పదు. జవహర్ ఆటోనగర్ షెడ్లలో వాడేసిన ఇంజనాయిలు ఒంటికి అంటకుండా పని సాగడం కష్టం. సాయంత్రం కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో చేతులు కడుక్కుని, మంట పుడితే కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకోవడం కొందరికి అలవాటు. పసుపు రాస్తే కాన్సర్ కూడా దరిచేరదన్న మాట తరచు వినబడుతోంది. ఈ మాటలో నిజమెంతో కార్మికులు తెలుసుకోవడం అవసరం.

పసుపుపై పరిశోధనలు

పసుపు మనకు పొరుగు పంటే. కృష్ణ దాటి వెళితే దుగ్గిరాల యార్డు పసుపు వ్యాపారానికి పెట్టింది పేరు. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం కర్కుమిన్. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకల చర్మంపై కణుతులు పెంచే రసాయనంతో పాటు కర్కుమిన్‌ను కూడా పూసి చూడగా కణుతులు బాగా తగ్గినట్టు 1988లో ప్రకటించారు. గ్రీన్ టీలోని పదార్థాలతోనూ ఎలుకలపై ఇటువంటి ఫలితాలే వచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 16 మంది పొగతాగేవారికి రోజుకు ఒకటిన్నర గ్రాముల చొప్పున 30 రోజులు పసుపు ఇవ్వగా, వారి మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయని 1992లో వెల్లడించింది.

అయితే ఎలుక చర్మం వేరు, మనిషి చర్మం వేరు. పసుపు రాసుకున్నవారికి చర్మ కాన్సర్ రాదని రుజువు చేసిన పరిశోధన ఇంతవరకు లేదు. మింగిన కర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది కూడా బహు స్వల్పం.

మొక్కలన్నీ మేలు చేయవు

రట్గర్స్ ప్రయోగంలో కణుతులు పెంచిన రసాయనం కూడా మొక్కదే కావడం గమనార్హం. అది నేపాళం గింజల నూనె నుంచి తీసినది. అలాగే జెముడు జాతికి చెందిన ఒక చిన్న మొక్క పాల నుంచి తీసిన ఇంజినాల్ మెబ్యుటేట్ అనే మందును, ఎండ వల్ల చర్మంపై లేచి కాన్సర్‌గా మారగల గరుకు మచ్చలకు వాడేందుకు 2012లో అమెరికా, ఐరోపాలు అనుమతించాయి. అది పూసిన చోటే చర్మ కాన్సర్ వస్తున్నదన్న అనుమానం బలపడడంతో 2020లో ఐరోపాలో దాని వాడకం నిలిపివేశారు.

అసలు ముప్పు ఎక్కడ?

పొగగొట్టాలు శుభ్రం చేసేవారికి వృషణాల తోలుపై వచ్చే కాన్సర్‌కు మసే కారణమని లండన్ వైద్యుడు పెర్సివాల్ పాట్ 1775లోనే చెప్పారు. తర్వాత ఇంగ్లండు నూలు మిల్లుల్లో కదుళ్ల నూనె చింది బట్టలు తడిసిన కార్మికులకూ అదే జబ్బు వచ్చింది. మసిలో ఉండే కాన్సర్ కారకాలే వాడేసిన ఇంజనాయిలులోనూ పోగవుతాయి. దాన్ని పూసిన ఎలుకలకు చర్మంపై కణుతులు లేచాయి. ఇక వెల్డింగు వెలుగులోని అతినీలలోహిత కిరణాల వల్ల కంటిలో కాన్సర్ రావచ్చని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 2017లో నిర్ధారించింది.

మన మేనిఛాయ ఎండ నుంచి కొంత కాపాడే మాట నిజమే. కాని ఆయిలుకు, మానని పాత కాలిన గాయాలకు ఆ రక్షణ వర్తించదు.

చేయవలసినది

ఆయిలు గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకోరాదు. తడిసిన బట్టలతో రోజంతా ఉండరాదు. కిరోసిన్, పెట్రోలు చర్మంలోని సహజమైన జిడ్డును లాగేసి పగుళ్లు తెస్తాయి కనుక సబ్బుతోనే కడుక్కోవాలి. చేతి తొడుగులు వాడాలి. వెల్డింగు చేసేవారు ముఖానికి మాస్కు, ఒంటికి నిండు చేతుల చొక్కా లేకుండా పనికి దిగరాదు. నెల దాటినా మానని పుండు, కాలిన మచ్చపై కొత్తగా లేచిన పుండు, పెరుగుతున్న పుట్టుమచ్చ కనబడితే పసుపు పట్టీలతో కాలం గడపక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. తొలిదశలో కోసి తీసేస్తే చర్మ కాన్సర్ చాలావరకు నయమవుతుంది.

పసుపు కూరలో ఎలాగూ ఉంటుంది. షెడ్డు యజమానులు కుళాయి, సబ్బు, తొడుగులు కూడా ఏర్పాటు చేస్తే పసుపు చేయలేని పని అవి చేస్తాయి.