ఊరు బాగుపడాలంటే ఒక్క ఇంజనీరు చాలడు

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్న "ఇంత చదివి ఏం పని చేస్తావురా?" అని అడిగారు. ఆయన తాపీ మేస్త్రీ దగ్గర కూలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. "ఇంజనీరింగ్ కన్సల్టెన్సీలో చేరతాను" అంటే ఆయనకు అర్థం కాలేదు. హాస్టల్‌లో తమ్ముళ్ళు కూడా ఇదే ప్రశ్న అడిగారు. అందుకే ఈ వ్యాసం.

మా వాడలో కొన్నేళ్ళ క్రితం సిమెంటు రోడ్డు వేశారు. అందరం సంతోషించాం. కాని రోడ్డు ఎత్తయింది, ఇళ్ళు పల్లమయ్యాయి. వానొస్తే నీళ్ళు ఇంట్లోకే వస్తున్నాయి. రోడ్డు లెక్క చూసినవారు నీటి లెక్క చూడలేదు. మట్టి, నీరు, రోడ్లు, కరెంటు, చెట్లు, ఖర్చు తెలిసిన నిపుణులందరూ కలిసి కూర్చుని, పని మొదలుపెట్టక ముందే సలహా చెప్పడమే బహుళ విభాగాల కన్సల్టెన్సీ.

దీనికి మంచి ఉదాహరణ లండన్ తూర్పు భాగంలోని స్ట్రాట్‌ఫర్డ్. అక్కడ లీ నది లోయలో సుమారు 250 హెక్టార్ల నేల పాత ఫ్యాక్టరీలు, చెత్త దిబ్బల వల్ల విషపూరితమైంది. 2012 ఒలింపిక్స్ నిర్వహించే అవకాశం 2005లో లండన్‌కు దక్కింది. అట్కిన్స్, అరూప్, బ్యూరో హాపోల్డ్ వంటి సంస్థల ఇంజనీర్లు ఆ నేలను బాగుచేసే పనిలో పాల్గొన్నారు.

విషపు మట్టిని లారీలలో తరలిస్తే ఇంకొక ఊరు పాడవుతుంది. అందుకని అక్కడే యంత్రాలు పెట్టి మట్టిని కడిగారు. విషం ఎక్కువగా సన్నని ఒండ్రుకే అంటుకుంటుంది. దాన్ని వేరుచేస్తే మిగిలిన ఇసుక, కంకర మళ్ళీ పనికివస్తాయి. 52 విద్యుత్ టవర్లు తీసేసి, తీగలను భూగర్భ సొరంగాల గుండా పంపారు. వరద నీరు నిలిచేలా నది ఒడ్డున పార్కును తీర్చిదిద్దారు. 17,500 మంది పట్టే ఈతకొలను భవనాన్ని పోటీల తర్వాత 2,500 సీట్లకు తగ్గించేలా ముందే రూపొందించారు. క్రీడాకారుల వసతి తర్వాత 2,800కు పైగా ఇళ్ళయింది.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. అదే స్థలంలో క్లేస్ లేన్ అనే సహకార నివాసాల సముదాయం ఉండేది. అక్కడివారు వద్దని పోరాడినా 2007లో ఖాళీ చేయించారు. మట్టిని కడగడానికి యంత్రం దొరికింది గాని, చెదిరిన ఇరుగుపొరుగును మళ్ళీ కలిపే యంత్రం దొరకలేదు.

తమ్ముళ్ళూ! ఈ రంగంలో సివిల్ వారికే కాదు, జియాలజీ, బాటనీ, ఎకనామిక్స్, సోషియాలజీ చదివినవారికీ చోటుంది. పల్లపు వాడలో పుట్టినవాడు ఆ బల్ల దగ్గర కూర్చుంటే "ఈ నీళ్ళు ఎవరి ఇంట్లోకి పోతాయి?" అని మొదట అడుగుతాడు. నాన్నకు ఈ మాటే చెప్పాను. "అయితే మన రోడ్డుతోనే మొదలుపెట్టరా" అన్నారు.