‘మూవ్’ అను ఆంగ్ల క్రియ – పంచాయతి సభ్యులు ఎరుగవలసిన అర్థభేదములు

పంచాయతి కార్యాలయమునకు వచ్చు ఆంగ్ల పత్రములలోను, చట్టములలోను ‘మూవ్’ అను క్రియ తరచుగా కనిపించుచుండును. చూచుటకు చిన్న మాట. దాని మొదటి అర్థము ఎల్లరకు తెలిసినదే: కదలుట, కదల్చుట. కాని అన్ని చోట్ల ఈ యొక్క అర్థమునే పట్టుకొన్నచో తీర్మానము తలక్రిందులు కాగలదు.

ఒక ఉదాహరణము చూతము. ఒక గ్రామమున మంచినీటి ట్యాంకు మరమ్మతును గూర్చి ఐదవ వార్డు సభ్యురాలు తీర్మానమును ప్రతిపాదించినదనుకొందము. ఆంగ్లములో వ్రాయు నివేదికలో ఈ సంగతి ‘మూవ్డ్’ అను మాటతో చెప్పబడును. దానిని తెనిగించువారు ‘తరలింపబడినది’ అని వ్రాసినచో, చదువువారికి ట్యాంకే ఐదవ వార్డునకు తరలిపోయినదను భ్రాంతి కలుగును. మాటలో వచ్చిన తప్పు నీటి తగవుగా మారుటకు ఎంతో కాలము పట్టదు.

మన భాషలో ఈ పనికి ఒక్క మాట చాలదు. బల్లను ప్రక్కకు జరుపుదుము. బండిని కదలింతుము. ధాన్యమును మార్కెట్టుకు తరలింతుము. కాపురమును మార్తుము. దుఃఖవార్త విని మనస్సు చలించినదందుము. ఇన్నింటికిని ఆంగ్లేయులు ‘మూవ్’ అను ఒక్క క్రియనే వాడుదురు. ఇది లాటిను భాషనుండి వచ్చిన మాట. మన పల్లెలలో నిత్యము వినవచ్చు మోటారు, మొబైలు, ప్రమోషను అను మాటలును ఆ మూలమునుండి పుట్టినవే. సభలలో వాడు ‘మోషన్’ అను పదమును ఆ కుటుంబములోనిదే.

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడలకు చేరువలో హైదర్‌గూడ యున్నది. తెలంగాణ శాసనసభ్యుల నూతన నివాస సముదాయము అచ్చట 2019వ సంవత్సరమున ప్రారంభింపబడినది. శాసనసభ్యుడొకరు తన ఊరినుండి ఆ నివాసమునకు సామాను చేరవేసికొన్నను ఆంగ్లములో ‘మూవ్’ అనియే అందురు. మరునాడు ఆయన సభకు పోయి ఒక తీర్మానమును ప్రవేశపెట్టినను ‘మూవ్’ అనియే అందురు. మొదటిది సామానును కదల్చుట. రెండవది సభను ఒక నిర్ణయమువైపు కదల్చుట. రెండవ అర్థమునకు తెలుగులో ‘ప్రతిపాదించు’, ‘ప్రవేశపెట్టు’ అను మాటలు చక్కగా నప్పును.

భారత రాజ్యాంగము యొక్క ఆంగ్ల పాఠమునందే ఈ క్రియ వేర్వేరు అర్థములలో వాడబడినది. 19వ అనుచ్ఛేదమున పౌరులు దేశమంతట స్వేచ్ఛగా ‘మూవ్’ కావచ్చునని యున్నది, అనగా సంచరింపవచ్చునని. 32వ అనుచ్ఛేదమున ప్రాథమిక హక్కుల రక్షణకై సుప్రీంకోర్టును ‘మూవ్’ చేయు హక్కు గలదు. అనగా ఆశ్రయించు హక్కు. 61వ అనుచ్ఛేదమున రాష్ట్రపతిపై అభియోగ తీర్మానమును ‘మూవ్’ చేయదలచినవారు 14 దినముల ముందు వ్రాతమూలకముగా తెలియజేయవలెనని యున్నది, అనగా ప్రతిపాదించుట. కావున ఈ క్రియ వెంట ఏ మాట వచ్చుచున్నదో చూచియే అర్థము నిర్ణయించుకొనవలెను. వెంట కోర్టు వచ్చిన ఆశ్రయించుట, తీర్మానము వచ్చిన ప్రతిపాదించుట, వస్తువు వచ్చిన తరలించుట.

ఇచ్చట మరియొక జాగ్రత్త అవసరము. ప్రతిపాదింపబడిన తీర్మానమెల్ల ఆమోదింపబడినట్లు కాదు. జవహర్‌లాల్ నెహ్రూ రాజ్యాంగ సభలో ఆశయముల తీర్మానమును 1946 డిసెంబరు 13న ప్రతిపాదించెను. సభ దానిని ఆమోదించినది 1947 జనవరి 22న. నడుమ గడచినవి 40 దినములు. ఆ దినములలో అది సభ ముందున్న ప్రతిపాదనయే గాని సభ నిర్ణయము కాదు. అట్లే మన పంచాయతిలో ఒక సభ్యుడు వీధి దీపములకై ప్రతిపాదన చేసినంత మాత్రమున దానిని పంచాయతి నిర్ణయముగా చెప్పుట తగదు. చర్చ జరిగి, సభ్యుల ఆమోదము పొందిన పిదపనే అది నిర్ణయమగును.

ఆస్తుల విషయమునను ఈ మాటకు ముఖ్యమైన పని గలదు. కదల్పదగినది ‘మూవబుల్’, కదల్పరానిది ‘ఇమ్మూవబుల్’. మన పెద్దలు వీనిని జంగమము, స్థావరము అనిరి. నేడు చరాస్తి, స్థిరాస్తి అనుచున్నాము. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము, స్థిరాస్తిని దానమిచ్చుటకు దాత పక్షమున సంతకము గలిగి, కనీసము ఇద్దరు సాక్షులచే ధ్రువీకరింపబడిన రిజిస్టరు దస్తావేజు ఉండవలెను. చరాస్తిని అట్టి దస్తావేజుతో ఈయవచ్చును, లేదా వస్తువును చేతికప్పగించియు ఈయవచ్చును. రెండింటను దాత జీవించియుండగనే గ్రహీత దానిని స్వీకరింపవలెను.

గ్రంథాలయమునకు కుర్చీలిచ్చువాడు వానిని తెచ్చి అప్పగించి, పంచాయతి పుచ్చుకొనిన దానము నెరవేరును. గ్రంథాలయమునకు స్థలమిచ్చువాడు సభలో నలుగురియెదుట మాట యిచ్చినంత మాత్రమున స్థలము పంచాయతిది కాదు. ఆ మాటను నమ్మి భవనము కట్టిన పిదప దాత వారసులు అభ్యంతరము చెప్పిన, గ్రామస్థుల సొమ్మును శ్రమయు చిక్కున పడును. నిలిచియున్న కలపచెట్లు, చేనులోని పైరు, గడ్డి నేలలో నున్నవైనను ఈ చట్టమున స్థిరాస్తిగా లెక్కింపబడవు. ఈ భేదమును కూడ గుర్తుంచుకొనవలెను.

కావున సభ్యులు తీర్మానముల పుస్తకమున సంతకము చేయుటకు ముందు మూడు సంగతులు వేర్వేరుగా వ్రాయబడినవో లేవో చూచుకొనుట మేలు: ప్రతిపాదించినవారెవరు, బలపరచినవారెవరు, సభ ఆమోదించినదా లేదా. ఆంగ్ల పత్రము వచ్చినచో ‘మూవ్’ అనుచోట ఆగి, ఇచ్చట కదలుచున్నది వస్తువా, మనిషియా, తీర్మానమా అని కార్యదర్శిని అడుగుట నామోషి కాదు. ఓటిచ్చి పంపిన ప్రజల పక్షమున అట్లు అడుగుట సభ్యుని విధి.